చిప్స్‌కి ఎనిమిది మార్కులు

ఆదివారం పొద్దున వంటింటి బల్ల దగ్గర కూర్చుని, అన్నయ్య సరదాకి సమీక్షలు రాసే పేజీని చెల్లెలు ఫోనులో చదువుతోంది. అతను బిస్కెట్ల ఫ్యాక్టరీలో రుచి చూసే ఉద్యోగి.

“రోబోల కామిక్‌ని ఏకి పారేశావు. అంగారకుడి మీద కొత్త గేమ్‌నీ వదల్లేదు. ఈ చిప్స్‌కి మాత్రం పదికి ఎనిమిదా?”

“కరకరలాడాయిగా!”

“ముక్కిపోయిన నూనె కంపు కొడుతున్నాయి అన్నయ్యా. నేను ఒక్కటి నోట్లో పెట్టుకుని ఉమ్మేశాను.”

అతను తల దించుకున్నాడు.

“ఎప్పట్నుంచి?”

“జ్వరం వచ్చి తగ్గిన దగ్గర్నుంచి. ఉప్పూ తీపీ తెలుస్తున్నాయి. వాసనే తెలియడం లేదు.”

“అంటే రెండు నెలలు! మరి ఫ్యాక్టరీలో?”

“పక్కన కూర్చునే ఆవిడ ఏమంటే నేనూ అదే అంటున్నాను. మొన్న ఆవిడ సెలవు. పాలపొడి బిస్కెట్లు నేనొక్కణ్ణే చూసి బాగున్నాయన్నాను.”

“అవి పసిపిల్లలు తినేవి కదా!”

“తెలుసు. అప్పట్నుంచి నిద్ర లేదు. చెబితే ఉద్యోగం ఊడుతుంది. నాకు చేతనైన పని అదొక్కటే.”

“సరుకు బయటికి వెళ్లిపోయిందా?”

“రేపు లారీ ఎక్కుతుంది.”

చెల్లెలు ఫోను అతని చేతిలో పెట్టింది. మేనేజరు నంబరు నొక్కడానికి అతనికి చాలాసేపు పట్టింది.

“సార్, ఆ బిస్కెట్లు ఆపండి. నాకు వాసన తెలియడం లేదు, తెలిసినట్టు నటించాను.”