షుగరొచ్చిన ఏటి మిరుగు చేపలు

"బాపమ్మా, నీకు షుగర్ వచ్చినంక గూడ మిరుగు చేపలు నువ్వే వండినవంట గదా. నాయిన చెప్పిండు. అదేందో జర చెప్పరాదు."

మీ నాయిన చెప్పిండా. వానికేం ఎరుక, అప్పుడు వాడు ఇంత పోరడు, ముండ్లు తీసి పెడితే తినేటోడు. ఆగు, ఆ దిండు జర ఇటియ్యి, నడుము గుంజుతున్నది. ఆఁ. ఫోన్ల రికార్డు పెట్టినవా? పెట్టు పెట్టు, నాకేం భయం. ఎవ్వరి ముందట చెప్పుమన్నా చెప్త.

అప్పుడు మేం నాచారంల కిరాయికుంటుంటిమి. రెండర్రలు, ముందట రేకులు. మీ తాత ఫ్యాక్టరీల పని, ఒక వారం పగటి షిఫ్టు, ఒక వారం రాత్రి షిఫ్టు. ఉప్పల్ చౌరస్తా అంటే ఇప్పటి లెక్క గాదు, మెట్రో లేదు గిట్రో లేదు, వరంగల్ రోడ్డు మీద లారీలే లారీలు. మాకు గ్యాసు గూడ అప్పుడప్పుడే వచ్చింది. గాని చేపలు మాత్రం కిరసనాయిల్ స్టవ్వు మీద... కాదు కాదు, స్టవ్వు గాదు, బయట కట్టెల పొయ్యి మీద. వాసనొస్తదని మా అత్తమ్మ లోపల వండనియ్యకపోయేది.

గప్పుడొచ్చింది నాకు షుగర్. ఊకె దూప, ఎన్ని నీళ్లు తాగినా తీరకపోయేది, ఊకె నీరసం. దవాఖానకు పోతే డాక్టరమ్మ రక్తం తీపిచ్చి చూసి చెప్పింది. నలభై గూడ నిండలే నాకు. ఇంటికొచ్చి చెప్తే అత్తమ్మ ఒకటే ఏడుసుడు. ఆమెకు ప్రేమే, కాదన. గాని ఆ ప్రేమతోనే మర్నాటి సంది నాకొక చిన్న గిన్నె వేరే పెట్టింది. ఉప్పు లేదు, కారం లేదు, పులుపు లేదు, ఉడకబెట్టిన సొరకాయ. అందరు తిని లేసినంక వంటింట్ల మూలకు కూసొని నేనొక్కదాన్నే తినాలె. నాకు రోగమొచ్చిందా, నేనేమన్న తప్పు జేసిన్నా, అర్థమే గాకపోయేది.

అప్పట్ల అందరిది ఒకటే మాట, షుగరొస్తే అన్నం బందు, రొట్టె తినాలె. రొట్టె అంటే మందనుకున్నం బిడ్డా. మందు ఎంత మింగితే అంత మంచిదని అత్తమ్మ గోధుమ రొట్టెలు దొంతులు దొంతులు కాల్చి పెట్టేది, నేను తినేది. మల్ల పోయి చూపిస్తే షుగర్ ఇంకింత పెరిగింది. డాక్టరమ్మకు నవ్వాల్నో తిట్టాల్నో తెల్వలే. "రొట్టె గూడ తిండేనమ్మా, దానికీ లెక్కుండాలె" అన్నది. చేపలు తినొచ్చా అని ఆమెనే అడిగిన. "మంచిగ తిను. నూనెల ముంచి వేయించకు, అన్నం గుట్ట పోసుకోకు" అన్నది. గంతే. ఇంకెవరిని అడగాలె నేను?

మిరుగు, అదే మృగశిర కార్తె, రానే వచ్చింది. రోహిణి ఎండలు పోయి వానలు మొదలయ్యే దినం, నీకెరుకే గదా, ఆ దినం మనోళ్లు చేపలు తినాల్సిందే. మా ఇంట్ల పద్ధతేందంటే, అందరు పెద్దకోడలింటికి వస్తరు, పెద్దకోడలే వండాలె. అంటే నేను. పెండ్లయిన సంది ఆ గంటె నా చేతుల్నే ఉన్నది. నాగోల్ నుంచి మా మరిది, ఆయన పెండ్లాం, అంటే నా యారాలు, వచ్చేటోళ్లు. మల్కాజిగిరి నుంచి ఆడిబిడ్డ సుశీల వచ్చేది, ఆమె పెనిమిటిది రైల్వేల నౌకరి.

ఆ ఏడు సుశీల ముందుగాలనే వచ్చి, "ఈసారి నాగోల్ల చిన్నొదినె వండుతది. పెద్దొదినెకు పానం బాగలేదు, ఆమె రొట్టెలు ఆమె డబ్బల తెచ్చుకుంటది" అన్నది. నా ముందట్నే, నేను లేనట్టు. అత్తమ్మ తలకాయ ఊపింది. మీ తాత చాయ్ గ్లాసులకు చూసుకుంట కూసున్నడు. మంచి మనిషే, గాని చెల్లె ముందట నోరు పెగలకపోయేది.

ఈ ఏడు పొయ్యి పోయిందంటే మల్ల నా చేతికి రాదు. ఇయ్యాల మిరుగు, రేపు బోనాలు, ఎల్లుండి ఎవలిదన్న పెండ్లి, అన్నిట్ల నేను మూలకే. బతికుండంగనే పటం చేసి గోడకు పెట్టినట్టు. "నా పొయ్యి యాడికి పోదు సుశీలా. మిరుగు ఈడనే. వచ్చేటోళ్లు రాండ్రి, రానోళ్లు మానుండ్రి" అన్న.

మిరుగు నాడు పొద్దుగాలనే ఉప్పల్ పోయిన. చేపల కాడ జనం ఒకల మీద ఒకలు. కొర్రమట్టలు బతికున్నయి, తొట్టిల కొట్టుకుంటున్నయి. ధర చెప్తే నువ్వు నవ్వుతవ్, ఇప్పుడు ఆ పైసలకు కొత్తిమీర గూడ రాదు, గాని అప్పుడు మాకది బరువే. తెచ్చి, బూడిద వేసి గరుకు బండ మీద తెల్లగయ్యేదాక తోమిన. అంతకుముందు ఏం జేసేదాన్నంటే, సగం నూనెల వేయించుడు, సగం పులుసు, పులుసుల ఇంత బెల్లం ముక్క, పెద్ద గంజుల అన్నం. ఆ ఏడు బెల్లం వెయ్యలే, నూనె కడాయి ఎక్కియ్యలే. ముక్కలకు కారం, నిమ్మరసం, అల్లమెల్లిగడ్డ పట్టిచ్చిన. సగం కోసిన ఉల్లిగడ్డను నూనెల అద్ది ఇనుప పెనానికి రుద్ది, దాని మీద కాల్చిన. పులుసుల మెంతికూర వేసిన. చిక్కగయ్యేటందుకు ఉల్లిగడ్డలు నిప్పుల మీద కాల్చి నూరి కలిపిన. ఉప్పు చూసి చూసి వేసిన. జొన్నరొట్టెలు, కీర ముక్కలు. అన్నం చిన్న గిన్నెల, మనిషికి గంటెడు. వేరే గిన్నె లేదు. నేనేం తింటనో అందరికి అదే.

అందరొచ్చిన్రు, సుశీల గూడ వచ్చింది. కంచాలు పెట్టిన. వరుస నడుమ నా కంచం నేనే పెట్టుకున్న. మరిది చూసి, "అన్నం గింతేనా వదినె, మిరుగు నాడు పత్తెం తినాల్నా" అన్నడు. "నేను ఏడాదంత తినాలె, నువ్వొక్క పూట తిను" అన్న. అంతట్ల మీ తాత లేసిండు. పాయె, ఈయననే లేసిపోతుండు అనుకున్న. పోయి చెయ్యి కడుక్కొచ్చి నా పక్కన కూసొని రొట్టె తుంచిండు. "మంచిగున్నది" అని గట్టిగనే అన్నడు. ఇగ అత్తమ్మ గూడ కూసున్నది. ముక్క మీద ముక్క అడిగి తిన్నది.

సుశీల కూసోలే. "రోగమొచ్చినదానికి గింత పంతమా" అన్నది, కంచం ముట్టకుంట బస్సెక్కి పోయింది. బాధైంది బిడ్డా, ఎందుకు కాదు. నేను కాపురానికొచ్చినప్పుడు ఆమెకు రెండు జడలేసి బడికి తోలింది నేనే. గాని బతిమాలలే. బతిమాలితే నేను మల్ల మూలకు పోయి కూసోవాలె. మస్తు దినాలు మాటల్లేవు మాకు.

మల్ల కొన్నేండ్లకు సుశీలకు గూడ షుగరొచ్చింది. మా పక్కింటోళ్లకు ఫోనుంటే, దానికి చేసి నన్ను పిలిపిచ్చింది. "వదినె, మా ఇంట్ల నాకు వేరే పెడుతున్నరు" అన్నది. నాకు సంబురం కాలే, ఒట్టు. నేనే కూసున్న మూల గదా అది. సంచిల మెంతికూర కట్టలేసుకొని, చేపలు తీసుకొని మల్కాజిగిరి పోయిన. ఆమె వంటింట్ల నేనే పొయ్యి ముట్టిచ్చిన, నేనే వండిన. అందరికి ఒకటే తీరు వడ్డిచ్చి, ఆమెను నడుమ కూసోబెట్టిన. వాళ్ల అత్త మొకం ముడుచుకున్నది. ముడుచుకోనియ్యి, నాకేం.

సుశీల ఒక బుక్క పెట్టుకొని చానసేపు నమిలింది. కండ్లల్ల నీళ్లు. "ఉప్పు తక్కువైంది వదినె" అన్నది. "నీకిగ గంతే" అన్న. ఇద్దరం నవ్వుతుంటే వాళ్లింటోళ్లు మా మొకాలే చూడవట్టిరి.

ఇగో, షుగర్ నాకింకా ఉన్నది, యాడికి పోతది. నేను గూడ ఉన్న. ఎవలన్న నిన్ను అయ్యో పాపమని పక్కకు జరిపితే జరగకు బిడ్డా. నీ కంచం తెచ్చుకొని నడుమ కూసో. నలుగుట్ల కూసొని కడుపునిండ తిను, సల్లగుండు.