గీతలు గీసిన చేతికే బాధ్యత: శ్రీ అబూబకర్ గారి పదవీ విరమణ

1979 ఫిబ్రవరి 12వ తేదీన అనంతపురం ప్రయోగశాలలో విశ్లేషకులుగా చేరిన శ్రీ అబూబకర్ గారు, సుదీర్ఘ సేవానంతరం నేడు, 2008 జూలై 31న, మన హిందూపురం కార్యాలయం నుండి పర్యావరణ శాస్త్రవేత్తగా పదవీ విరమణ చేస్తున్నారు. కదిరిలో పుట్టి పెరిగిన వీరు మితభాషులు. మట్టి గురించి అడిగితే మాత్రం మధ్యాహ్న భోజనం కూడా మరచి మాట్లాడతారు.

తొంభైల తొలినాళ్లలో ధర్మవరంలో, పట్టునూలుకు రంగులద్దే షెడ్ల మురుగు ఏ బావి దాకా ఇంకిందో తేల్చడానికి వారు వీధివీధీ తిరిగారు. జేబులో మట్టి పొట్లం లేకుండా ఆయన ఇల్లు చేరిన రోజు లేదని వారి శ్రీమతి ఆలియా గారు నేటికీ దెప్పుతుంటారు. చొక్కాలు ఉతికింది ఆమే గనుక ఆ ఆరోపణను కొట్టివేయలేము.

1998లో పెనుకొండ శివార్లలో, ఎవరో లారీలతో తెచ్చి రసాయన వ్యర్థాలు పూడ్చిన బీడును వీరు గుర్తించారు. ఎక్కడెక్కడ మట్టి తవ్వి పరీక్షించాలో తెలియడానికి నేలంతా సున్నంతో గళ్లు గీయించారు. మర్నాడు వెళ్లి చూస్తే ఏముంది! ప్రభుత్వం ఇళ్ల స్థలాలు పంచుతోందనుకుని, గూడులేని కూలి కుటుంబాలు గడికొకటిగా చేరి, రాళ్లపొయ్యిలపై పాలు పొంగిస్తున్నాయి.

సిద్ధమ్మ అనే కూలితల్లి గ్లాసు అందిస్తూ, "పట్టా ఇచ్చే సారువి, మొదట నువ్వే తాగల్ల" అన్నది. అబూబకర్ గారు గ్లాసు అందుకున్నారు. పాలు తాగి, ఆమె పక్కనే నేలమీద కూర్చున్నారు.

"ఈ మన్నులో విషముండాదమ్మా. పిల్లోళ్లను ఈడ పండబెట్టొద్దు."

"మరి యాడికి పోవల్ల సారూ?"

ఆ ప్రశ్నకు జవాబు వారి ఉద్యోగంలో లేదు. అయినా పరీక్షల నివేదికను పై అధికారులకు పంపి ఊరుకోక, సిద్ధమ్మను వెంటబెట్టుకుని నెలల తరబడి మండల కార్యాలయం చుట్టూ తిరిగారు. ఇది మన పని కాదు గదా అని సహోద్యోగి చెన్నకేశవులు గారు వారిస్తే, "ఆశ పెట్టింది నా గీతలే గదప్పా" అన్నారు. మరుసటి వేసవికి ఆ కుటుంబాలన్నింటికీ దూరంగా మెరక మీద పట్టాలు దక్కాయి. విషం నిండిన బీడు చుట్టూ కంచె పడింది.

అటుపై హిందూపురంలో పారిశ్రామిక వ్యర్థాల తనిఖీలను వారు అంతే నిష్ఠతో నిర్వహించారు. ఈ సంచిక కోసం ఆ కాలనీకి వెళ్లి సిద్ధమ్మను పలకరిస్తే, ఇంటి ముందు మట్టిలో దొర్లుతున్న మనవరాలిని చూపి, "ఆడుకోనీలేప్పా, ఇది మంచి మన్నే. సారే చూసినాడు" అన్నది.

ఆ పాపకున్నంత నిశ్చింతతో, సతీసమేతంగా, శ్రీ అబూబకర్ గారు నిండు నూరేళ్లూ ఆరోగ్యంగా జీవించాలని మనసారా కోరుకుంటున్నాము.