ఉత్తరం వెనకాలే రద్దు

కంప్యూటర్ ఆఫీసు ఎదుట టీకొట్టు బల్ల మీద పెద్దల్లుడు కూర్చున్నాడంటే వినేవాళ్ళ టీ చల్లారాల్సిందే. ఆ ఆఫీసులో సర్వర్ చూసుకునే అతని తోడల్లుడు, ఆ ఇంటి చిన్నల్లుడు, ఎదుటే ఉన్నాడు, గ్లాసు ముట్టకుండా. చిన్నల్లుడు డ్యూటీలో నిద్రపోతాడని ఊరూరి కంప్యూటర్లలో అందరూ రాసి, చదువుకునే న్యూస్‌గ్రూప్‌లో ఒక ఉత్తరం వచ్చింది, పెద్దల్లుడి పేరుతో. చిన్నల్లుణ్ణి ఉద్యోగంలో ఉంచాలో వద్దో తేల్చవలసిన ఆఫీసరు కూడా పక్క బల్ల మీదే టీ తాగుతున్నాడు.

"నేను రాయలేదని ఇంట్లోనే చెప్పాను," అన్నాడు పెద్దల్లుడు గడ్డం ఎగరేసి. "ఎవడో నా పేరు వాడుకున్నాడు. నేనే రాసుంటే ఆనవాలు మిగులుతుందా? రద్దు చేయడంలో నన్ను మించినవాడున్నాడా?"

"ఎలా చేస్తారేంటి?" అంది టీకొట్టు అక్క.

"ఉత్తరం ఈ సర్వర్ నుంచి పక్క సర్వర్‌కి, అక్కణ్ణుంచి ఇంకోదానికి పాకిపోతుంది కదా, దాని వెనకాలే 'ఫలానాది తీసేయండి' అని ఇంకో ఉత్తరం తోలాలి, అదే రద్దు. ఒకరి ఉత్తరం జోలికి మాత్రం పోను, నాది నేనే తీస్తాను, అది నా నీతి. ఒకసారి టీ తాగేలోగా తీసేశాను. ఇంకోసారి ఏమైందో తెలుసా? నా రద్దు, అసలు ఉత్తరాన్నే దాటిపోయి, సముద్రం అవతలి సర్వర్ గుమ్మంలో కాలు అడ్డం పెట్టి నిలబడింది! ఉత్తరం రొప్పుతూ వస్తే, 'నువ్వు చచ్చి చాలాసేపైంది, పో' అంది."

"అబ్బో!"

"అప్పుడే ఏమైంది! అక్కడొకాయన దాన్ని ముందే చదివేసి, అచ్చు కూడా తీసుకున్నాడు. నా రద్దు తగలగానే కాగితం తెల్లబడింది, ఆయన బుర్ర కూడా తెల్లబడింది, 'ఇప్పుడు నేనేం చదివానే?' అని పెళ్ళాన్ని అడిగాడట! అంతెందుకు, మొన్న వీడి నిద్ర మీద వచ్చిన ఉత్తరం? ఒక్క రద్దు కొట్టాను, లోకంలో ఒక్కడికి గుర్తుంటే ఒట్టు!"

"నాకు గుర్తుంది," అన్నాడు ఆఫీసరు.

చిన్నల్లుడు గ్లాసు పక్కకి నెట్టాడు. తల దించలేదు.

"మా సర్వర్ రద్దులు వినదు అన్నయ్యా. ఎవడు పడితే వాడు ఇంకొకరి పేరుతో పంపుతున్నాడని వినడం మాన్పించాం. మీ పేరుతో వచ్చిన ఉత్తరమూ అందులో ఉంది, దాని వెనకాలే రద్దూ ఉంది. రెండూ ఎవరో మీ పేరుతో పంపారనే ఇన్నాళ్ళూ నమ్మాను. మీ మరదలికీ అదే చెప్పి ఏడుపు మాన్పించాను."

"రద్దు నాది, ఉత్తరం నాది కాదు!"

"ఒకరి ఉత్తరం జోలికి పోరు కదా మీరు."

పెద్దల్లుడు బల్ల మీద గుద్దాడు. "అవును, రాశాను! రాసిందంతా నిజమే! వెనక్కి తగ్గేవాణ్ణి కాను!"

"నిజమైతే రద్దెందుకు కొట్టావయ్యా?" ఆఫీసరు లేచి చిన్నల్లుడి భుజం తట్టాడు. "పద, సర్వర్ గది తెరవాలి. ఆ పని ఇకమీదటా నీదే."

"ఎవరన్నారు రాశానని? రుజువేదీ?" పెద్దల్లుడు వాళ్ళ వెనక నుంచి అరిచాడు.

టీకొట్టు అక్క అతని గ్లాసు తీసుకుంది. "ఇప్పుడే మా అందరి ముందూ అన్నారుగా బాబూ. దానికీ ఓ రద్దు కొట్టండి మరి, మా బుర్రలు తెల్లబడతాయేమో చూద్దాం."