కాళ్ళు నానబెట్టే వేళ

ఆకులు రాలే కాలం. ఐస్‌క్రీం కొట్టు మూసి రెండు వారాలైంది. కొట్టతను మెడ దాకా దుప్పటి కప్పుకుని మంచం మీద ఉన్నాడు. పక్కన వాళ్ళక్క. బావ వంటగదిలో నీళ్ళు కాస్తున్నాడు.

“...లేవలేనంటే లేవలేనక్కా. నీరసంగా ఉంది.”

“పొద్దెక్కి తొమ్మిదవుతోంది. ఏం పని చేశావని నీరసం?”

“పని లేకే నీరసం. ఈ చలిలో ఐస్‌క్రీం ఎవడు తింటాడు?”

“పోయినేడూ ఇదే మాట. ఇదే మంచం, ఇదే దుప్పటి. రెండు నెలలు లేవలేదు నువ్వు. నిన్ను చూసి ఇంటికెళ్ళి ఏడ్చేదాన్ని. మళ్ళీ ఆ రోజులు రాకూడదనే కదా అన్నీ కాగితం మీద రాసి మీ బావకిచ్చి పంపాను. ఎండలో అరగంట నడక. గోరువెచ్చటి నీళ్ళలో కాళ్ళు. ఒంటికి నూనె. పెందలాడే పడక.”

“ఆఖరిది వదలకుండా చేస్తున్నాగా.”

“వెటకారానికేం తక్కువ లేదు. మిగతావి చేయిస్తున్నారా ఆయన?”

“చేయించకేం? ముప్పై ఏళ్ళు బస్సు నడిపిన మనిషి. తొమ్మిదికి కాళ్ళు నీళ్ళలో ఉండాలి. తొమ్మిదీ ఇరవైకి తియ్యాలి. ఒక్క నిమిషం ముందు తీస్తే ‘ఇంకా స్టాపు రాలేదు, కూర్చో’ అంటాడు.”

“మంచిదేగా.”

“నూనె రాస్తే ఇంజిన్ తుడిచినట్టు తుడుస్తాడు. అవునూ, బావ రాత్రి సరిగ్గా తిన్నాడా?”

“ఆయనకేం, శుభ్రంగా తిన్నారు. నీ సంగతి చెప్పు.”

“నిద్ర పట్టిందా?”

“గురక పెట్టి మరీ. మాట మార్చకు. ఆయన్ని చూసి నేర్చుకోరా. ఉద్యోగం అయిపోయి మూడు నెలలైంది. అయినా ఏడింటికల్లా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎనిమిదిన్నరకి నీ కోసం పరిగెత్తుకొస్తున్నారు.”

“ఇస్త్రీ తనే చేసుకుంటున్నాడా?”

“తనే. ఏం?”

“ఏం లేదు. బావుంది.”

“ఏం బావుంది? నీకు సిగ్గనిపించడం లేదూ? దుప్పటి తియ్యి.”

“దుప్పటి జోలికి రాకు.”

“తియ్యమంటుంటే.”

“చలేస్తోందక్కా. అక్కా, మాట విను. అక్కా...”

“ఇదేంట్రా?”

“ఏది?”

“దుప్పటి కింద ప్యాంటేంటి? బెల్టు కూడానా? మోచేతుల నిండా ఆ పిండేంటి?”

“మెల్లిగా. బావకి వినబడుతుంది.”

“పిండేంటని అడుగుతున్నాను.”

“పక్కవీధి బేకరీలో పనికి చేరాను. ఎండలు వచ్చేదాకా. ఐదింటికి వెళ్ళి ఎనిమిదింటికల్లా వచ్చేస్తాను. ఇవాళ ఆలస్యమైంది, బట్టలు మార్చుకునేలోపే మీరు తలుపు కొట్టారు. గడియ తీసేసి అలాగే దుప్పట్లో దూరాను.”

“చేరి ఎన్నాళ్ళయింది?”

“పది రోజులు. మొదట్లో నాలుగు రోజులు నిజంగానే లేవలేకపోయాను. తర్వాత తేరుకున్నాను. ఆకలేస్తోంది, నిద్ర పడుతోంది. అంతా బాగానే ఉంది.”

“మరి పది రోజులుగా ఈ మూలుగులేంటి? నీకేమవుతుందోనని నేనక్కడ హడలి చస్తున్నాను. ఆయన రోజూ వేడినీళ్ళు మోస్తున్నారు. ఉండు, ఇప్పుడే చెప్తాను. ఏవండీ...”

“పిలవకక్కా, దండం పెడతాను. ఉద్యోగం అయిపోయాక బావ ఎలా ఉండేవాడు?”

“ఇప్పుడదెందుకు?”

“చెప్పు.”

“...గోడవైపు తిరిగి పడుకునేవారు. పిలిచినా పలికేవారు కాదు. గడ్డం కూడా గీసుకునేవారు కాదు.”

“మళ్ళీ ఎప్పుడు గీసుకున్నాడు?”

“నీ దగ్గరికి రావడం మొదలుపెట్టిన రోజు.”

“మరి? నేను మంచం దిగిన రోజు ఆయన ఎక్కుతాడక్కా.”