కనకమహాలక్ష్మి చేసిన అరెస్టు

నాచారంలో ఓ ఇల్లు. గేటుకు తాళం వేసి, చీపురు పట్టుకుని అడ్డంగా నిలబడింది కనకమహాలక్ష్మి. లోపల స్కూటరు పక్కన ఉప్పలయ్య.

“గేటు తియ్యమ్మా. నన్ను ఆపనీకి నువ్వేమన్న పోలీసువా?”

“పోలీసే అవ్వక్కర్లేదు. కళ్లెదురుగా దొంగతనం చేస్తుంటే మామూలు మనిషైనా అరెస్టు చెయ్యొచ్చు.”

“గట్లెట్ల?”

“చట్టంలో ఉంది, నలభయ్యో సెక్షను. ముప్పై ఏళ్లు బళ్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను, నాకు తెలీదా?”

“దొంగతనం యాడిది? గిది నా బండి!”

“నీ పేరేంటి?”

“ఉప్పలయ్య. మల్లాపూర్ల వెల్డింగ్ పని. పొద్దుగాల ఉప్పల్ మార్కెట్ కాడ బండి వెట్టి, టమాటలు కొనుక్కొని వచ్చేసరికి మాయమైంది. గప్పట్నించి గల్లీ గల్లీ...”

“గల్లీలన్నీ తిరిగి మా ఇంట్లో దూరావు.”

“దూరలే! గేటు తీసే ఉండె. నా బండి కండ్లవడ్డది, వచ్చిన.”

“ఇదే బండి మీద పొద్దున నేను కూరలు తెచ్చుకున్నానయ్యా! నా తాళంతోనే స్టార్టయింది.”

“పాత బండమ్మా, ఏ తాళం వెట్టినా తిరుగుతది. జర నంబర్ సూడు.”

“కళ్లజోడు లోపలుంది. నేనటు వెళ్తే నువ్విటు గోడ దూకుతావు.”

“పోనీ, నేను సదివి చెప్త.”

“దొంగ చదివితే నమ్మడానికి నేనేమైనా పిచ్చిదాన్నా?”

“అయితె నేను నిజంగనే అరెస్టా?”

“అరెస్టే. ఆ మెట్టు మీద కూర్చో.”

“బేడీలేవి?”

“వెటకారమా? ఆరు గంటల్లోగా నిన్ను పోలీసులకు అప్పగించాలి. ఫోన్ చేశాను, వస్తున్నారు.”

“ఆరు గంటలా! రెండింటికి నా డ్యూటీ, అమ్మా. గీ నెలల రెండుసార్లు లేటైన. ఇయ్యాల గూడ లేటైతె ఇంక రానే వద్దన్నడు మా సేటు.”

“ఆ భయం బండి ముట్టుకునే ముందుండాలి... ఆగు, ఫోను. పోలీసులే! స్పీకర్లో పెడతాను, నువ్వూ విను. హలో?”

“కనకం, నేనే, త్రిమూర్తుల్ని.”

“మీరా! ఏమండీ, ఇక్కడ నేనొక దొంగను పట్టుకున్నాను!”

“దొంగ సంగతి తర్వాత. నువ్వు మర్చిపోయిన కరివేపాకు కోసం ఉప్పల్ మార్కెట్‌కొచ్చాను. మన స్కూటరు ఇక్కడే ఎండలో మాడుతోంది. నువ్వు ఎవరి బండెక్కి ఇంటికెళ్లావే?”





“ఉప్పలయ్య గారూ... పోలీసులొచ్చేలోగా కాస్త కాఫీ తాగుదురు గాని, లోపలికి రండి.”