చేప బరువు చెప్పని పుస్తకాలు

"మానేస్తానంటే మానేయండి రాజుగారూ. నేనేం వద్దనలేదు కదా."

"వద్దంటారనుకున్నాను మాస్టారూ."

"నేనెవర్నండీ వద్దనడానికి? పక్క మంచం వాణ్ణి."

"ఇంట్లో చెప్పలేదు. డాక్టరుగారికీ చెప్పలేదు. మీ ఒక్కరికే చెప్పాను. వచ్చే వారం నుంచి ఇక రాను."

"అలాగే."

"అలాగే అంటే?"

"అలాగే అంటే అలాగే. ఇంకేమనాలి?"

ఏలూరు డయాలసిస్ గదిలో కిటికీ పక్క మంచం ఎలీయాజరు మాస్టారిది, దాని పక్కది సుబ్బరాజుది. ఒకరు తాడేపల్లిగూడెంలో ఇంగ్లిషు చెప్పి రిటైరయ్యారు. ఇంకొకరు గణపవరం అవతల చేపల చెరువులు తవ్వించిన రైతు. మంగళ, గురు, శనివారాలు ఇద్దరి రక్తమూ యంత్రాల్లోకి వెళ్ళి శుభ్రపడి వస్తుంది. అది మానేస్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు.

"మానేస్తే ఏమవుతుందో తెలిసే అంటున్నానండి."

"తెలుసని నాకూ తెలుసు. బాధగా ఉంటోందా?"

"లేదండి. అదే కదా. ఏమీ ఉండట్లేదు. మొన్న మా అన్నయ్య పోయాడు. పాడె పక్కన నడిచాను. చుట్టూ అందరూ ఏడుస్తున్నారు. నాకేమో చెప్పు కరుస్తోందని తెలుస్తోంది, అంతే."

"ఊఁ."

"మా ఆవిడ విజయదుర్గ నా ముందు గట్టిగా మాట్లాడదు. పిల్లలూ అంతే. ఇంట్లో చంటిపిల్ల నిద్రపోతున్నట్టు తిరుగుతారు. నేను కూర్చుని ఉంటాను. మొద్దుబారిపోయిందండి. మందుల వల్లంటారా?"

"డాక్టరీ నాకు తెలీదు రాజుగారూ. పుస్తకాలు కొద్దిగా తెలుసు. ఒకటి చెప్పనా?"

"దేవుడి పుస్తకమా? తప్పుగా అనుకోకండి, అడుగుతున్నాను."

"దేవుడి పుస్తకం మా ఇంట్లో ఒకటే. చేపల పుస్తకాలు బీరువా నిండా ఉన్నాయి."

"చేపల పుస్తకాలా? నాకా? బతుకంతా చేపల్లోనే గడిచిందండీ. మేత, మందు, ఐసు, లారీ. ఇంక చదవడానికేముంది?"

"ఇవి పెంచే పుస్తకాలు కావు. గాలమేసి పట్టేవి. అందులోనూ ఈగ గాలం."

"ఈగా?"

"ఈగే. కొక్కేనికి కోడి ఈకా, దారమూ చుట్టి ఈగలాగా తయారుచేస్తారు. ఎరా గిరా ఏమీ ఉండదు. దాన్ని నీళ్ళ మీద నిజం ఈగ వాలినట్టు వాల్చాలి. చేప మోసపోయి పైకొస్తుంది."

"అలాగ ఎన్ని పడతాయండీ?"

"పడవు."

"పడవా?"

"పొద్దుట్నుంచీ చన్నీళ్ళలో నిలబడితే సాయంత్రానికి ఒకటి పడొచ్చు. అదీ వదిలేస్తారు."

"పట్టిందాన్నా?"

"పట్టిందాన్నే."

"పిచ్చాళ్ళా వాళ్ళు?"

"కొంతమంది మంచి రచయితలు."

"మీరెప్పుడైనా వేశారా ఆ గాలం?"

"నేనా? నేను ఏట్లో దిగిన మనిషిని కాదు. మా మిషన్ స్కూలు లైబ్రరీ ఎత్తేస్తుంటే దొరల కాలం నాటి పుస్తకాలు అట్టపెట్టెల్లో పడేశారు. ఎవరూ పట్టుకెళ్ళలేదు, నేను తెచ్చుకున్నాను. ఈ జబ్బొచ్చి నీళ్ళు కొలిచి తాగమన్నాక మళ్ళీ బయటికి తీశాను. దాహమేస్తే నీళ్ళున్న పేజీ చదువుతాను."

"తీరుతుందా దాహం?"

"తీరదు. కాసేపు గడుస్తుంది."

"ఇంగ్లిషు నాకు అంతంత మాత్రమండీ."

"నేను తెలుగులో చెప్తాను లెండి. కొత్తవాళ్ళకి మొదట సన్న పుస్తకం చెప్పాలి. ఒక పోస్ట్‌మాన్ రాశాడు. వాళ్ళ ఊరి పక్క ఏటికి ఒక వంపు ఉంది. పుస్తకమంతా ఆ వంపే."

"ఇంకేం లేదా?"

"ఇంకేం లేదు. ఆ వంపులో రాయి కింద ఒక ముసలి చేప. ఆయన ఉత్తరాలు పంచేసి వచ్చి రోజూ దాని కోసం గాలం వేస్తాడు. అది పైకొస్తుంది, ఈగ వైపు చూస్తుంది, వెళ్ళిపోతుంది."

"చివరికి పడిందా?"

"అంతా ఇవాళ అవదండీ. ఓపిక లేదు. సగం ఇవాళ, సగం గురువారం."

"నేను మానేస్తానన్నాను కదా."

"వచ్చే వారం నుంచి అన్నారు. గురువారం ఈ వారంలోదే."

"అవుననుకోండి."

"ఆ చేపకి ఒక కన్ను లేదు. అది ఆయనకి చాలా కాలం దాకా తెలీదు."

మానేస్తానన్న వారం దాటిపోయింది. ఎండలు ముదిరాయి. సుబ్బరాజు ఎందుకొస్తున్నాడో తనకే తెలియకుండా వస్తూనే ఉన్నాడు. ఒక రోజు నర్సు బ్లెస్సీ వాళ్ళ మంచాల దగ్గర ఆగింది.

"ఏంటండీ, ఇద్దరూ చేతులెత్తారు? నన్ను పిలిచారా?"

"లేదమ్మా బ్లెస్సీ. రాజుగారికి గాలం విసరడం నేర్పుతున్నాను."

"బాగుందండీ మాస్టారూ! సూది ఉన్న చెయ్యి కదిపారంటే మెషిన్ కూస్తుంది, తర్వాత డాక్టరుగారు నా మీద కూస్తారు."

"ఇది రెండో చెయ్యేనమ్మా."

"మీరు మాట్లాడకండి రాజుగారూ. బరువు ఎంత పెరిగారో చూశారా ఈసారి? మజ్జిగ తాగారు కదా?"

"కొంచెం."

"కొంచెం కాదది. కుండెడు."

"సరేనమ్మా. ఇక తాగను."

"ప్రతిసారీ ఇదే మాట. పడుకోండి ఇద్దరూ."

"వెళ్ళిపోయింది రాజుగారూ, ఎత్తండి చెయ్యి. పైకి తెచ్చి, చెవి దాటాక ఆపేయాలి. ఆపి, దారం వెనక్కి పూర్తిగా సాగేదాకా ఆగాలి."

"ఎంతసేపండీ?"

"ఒక ఊపిరి తీసుకునేంత. అందరూ తప్పు చేసేది అక్కడేనట. తొందరపడి ముందుకి కొట్టేస్తారట."

"ఈ పుస్తకంలో మనుషులెవరూ లేరేంటండీ?"

"లేరు. కథా లేదు. చెయ్యి ఎలా ఎత్తాలి, ఎక్కడ ఆగాలి, అంతే. చప్పగా ఉందంటారు చాలామంది. నన్నడిగితే అన్నిట్లోకీ ఇదే మంచిది."

"నాకు ఆ ఆవిడ పుస్తకం బాగుందండి. మొగుడు పోయాక ఆయన కట్టిన ఈగలన్నీ ముందేసుకుని, ఒక్కొక్కటే ఏట్లో పారేసుకుంటూ వచ్చిందే, ఆవిడది."

"బాగుంటుంది. చివర్లో కొంచెం నీతి చెప్పింది."

"చెప్పుకోనివ్వండి మాస్టారూ, పాపం."

"పోనీ లెండి. మీకోసం ఒప్పుకుంటున్నాను."

"పుస్తకం మంచిదో కాదో ఎలా తెలుస్తుందండీ మీకు?"

"మొదటి పేజీలోనే చేప బరువు చెప్పాడా, మూసేస్తాను."

"మావాళ్ళు బరువు తప్ప ఇంకోటి చెప్పరండి."

"అందుకే మీ చెరువుల మీద పుస్తకాలు రాలేదు."

"నిన్న గట్టు మీదకి వెళ్ళాను మాస్టారూ. చాలా రోజులైంది వెళ్ళి. చెరువులు లీజుకిచ్చేశాం కదా, వెళ్ళే పనేముంది. ఊరికే వెళ్ళాను."

"వెళ్ళి?"

"నీళ్ళు చూశాను."

"రోజూ చూసిన నీళ్ళేగా?"

"ఎప్పుడూ చూడలేదండి. రంగు చూసేవాణ్ణి. పచ్చగా ఉంటే ఒక లెక్క, నల్లబడితే ఒక లెక్క. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరిస్తే ఒక లెక్క. నిన్న నీళ్ళే చూశాను. ఏదో పురుగు వాలింది. గుండ్రంగా అలొకటి లేచింది."

"ఏమనిపించింది?"

"ఏమీ అనిపించలేదు. కానీ కాసేపు నిలబడ్డాను."

"అదే మరి. ఆ పోస్ట్‌మాన్ చేసింది కూడా అంతే."

"మాస్టారూ, ఒకటడగనా? మీ తాడేపల్లిగూడెంలో కొత్తగా డయాలసిస్ సెంటరు పెట్టారట కదా. మీరు అక్కడుండి ఈ ఎండల్లో ఏలూరు దాకా రైల్లో పడి రావడమెందుకండీ?"

"ఖాళీ లేదటండి. పేరు రాయించాం."

"భీమడోలులో బండి ఆపేశారంటే ఉడికిపోతారు."

"కిటికీ పక్కన కూర్చుంటాను లెండి. అసలు గణపవరానికీ గూడెమే దగ్గర కదా. మీరూ పేరు రాయించుకోకూడదా?"

"నాకెందుకండీ? ఏ రోజు మానేస్తానో నాకే తెలీదు. దానికి మళ్ళీ కాగితాలూ, సంతకాలూ."

"మానేద్దామని ఇంకా ఉందా?"

"ఉందండి. కొయ్యకి తగిలించిన చొక్కాలా ఉంది. తొడుక్కోనూ లేదు, అక్కణ్ణుంచి తియ్యనూ లేదు."

"అలాగే."

"మీరు దేనికైనా అలాగే అంటారు."

"ఇంకో పుస్తకం ఉంది రాజుగారూ. మొన్ననే వచ్చింది. ఇంకా నేను సగమే చదివాను. గురువారం మొదలుపెడదామా?"

"గురువారమా... సరే, గురువారం."

వానలు పట్టాక ఒక శనివారం, డయాలసిస్ మధ్యలో మాస్టారికి బీపీ పడిపోయింది. బ్లెస్సీ వచ్చి సర్దాక ఆయన నిద్రపోయారు. ఎప్పుడూ బయట వరండాలో కూర్చునే ఆయన భార్య కనకమ్మ లోపలికి వచ్చి మంచం పక్క స్టూలు మీద కూర్చుంది.

"పడుకున్నారా అండీ?"

"ఇప్పుడేనండి కనకమ్మగారూ. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయారు. భయం లేదంది బ్లెస్సీ."

"ఏం మాట్లాడుతున్నారు?"

"కొండల్లో మంచు కరిగి వచ్చే ఏరొకటుందటండి. దాని సంగతి."

"అయ్యో, అదేనా! నిన్నంతా అదే గోల. అన్నం ముందు పెట్టుకుని ఒకటే గొణుక్కోవడం. 'కనకం, మంచేరు అంటే తెలుస్తుందా, మంచు కరిగిన ఏరు అనాలా' అని నన్నడుగుతారు. ఏదో ఒకటనండి, ముందు ముద్ద మింగండి అన్నాను."

"నాకు చెప్పడానికా అండీ?"

"మరి నాకు చెప్పడానికా? ఇన్నేళ్ళ కాపురంలో నాకు ఒక్క పుస్తకం చెప్పలేదండీ ఈ మనిషి."

"బీరువా నిండా ఉన్నాయన్నారు."

"అవెప్పుడో అయిపోయాయి. మా కోడలు జాయ్సీ సెల్లులో వెతికి తెప్పిస్తోంది. 'మామయ్యగారూ, అన్నీ చేపలవేనా, ఇంకేమీ చదవరా' అంటుంది. చేపలవే కావాలట. అవన్నా తిన్నగా చదువుతారా? ముందు చివరి పేజీలు చూసుకుంటారు."

"చివరి పేజీలెందుకండీ?"

"ఏమోనండి. మొన్నొకటొచ్చింది. అట్ట మీద బొమ్మ ఎంత బాగుందో. దాంట్లో ఎవరో ముసలాయన బతుకు విసుగొచ్చి, కావాలని ఏట్లోకి నడిచి వెళ్ళిపోతాడట. 'ఇది కుదరదు' అని తీసి బీరువా పైన పడేశారు. ఏం కుదరదో, ఎందుకు కుదరదో. అడిగితే చెప్పరు."

"అలాగన్నారా?"

"అలాగే అన్నారు. రాజుగారూ, మీరు ఒక ఉపకారం చెయ్యాలండి. మీ మాటంటే ఆయనకి గురి. మీరైనా మారమని చెప్పండి."

"ఎక్కడికండీ?"

"మా గూడెం సెంటరుకి."

"అక్కడ ఖాళీ లేదన్నారే?"

"ఎవరన్నారండీ?"

"మాస్టారే."

"ఖాళీ లేకపోవడమేంటండీ! ఎండలు ముదరకముందే ఫోన్ చేశారు వాళ్ళు. మా వీధి దాటితే సెంటరు. నేను చెయ్యి పట్టుకుంటే నడిచే పోవచ్చు. ఈయనేమో 'మాకు ఏలూరే బాగుందండి' అని పెట్టేశారు. వాళ్ళు మళ్ళీ చేశారు. మళ్ళీ అదే మాట."

"ఎందుకటండీ?"

"అడగలేదనుకున్నారా? అడిగితే 'పుస్తకం మధ్యలో ఉంది కనకం' అంటారు. ఏ పుస్తకానికండీ ఇన్ని మధ్యలుంటాయి?"

"మధ్యలో ఉందన్నారా అండీ?"

"మొన్న రైలు దిగుతుంటే కాలు తూలిందండి. నేను పట్టుకున్నాను కాబట్టి సరిపోయింది. తెల్లారే లేవడం, స్టేషనుకి పరుగు, ఇక్కడ ఆటో, మళ్ళీ సాయంత్రం అదే తిరుగుడు. ఆరోగ్యం బాగున్నవాళ్ళే తట్టుకోలేరు. ఏంటండీ రాజుగారూ, అలా అయిపోయారు?"

"ఏం లేదండి."

"సూది నొప్పెడుతోందా? బ్లెస్సీని పిలవనా?"

"సూది కాదండి."

"మరి?"

"ఏదో నొప్పేనండి. ఉండనివ్వండి. నొప్పి తెలిసి చాలా కాలమైంది."

"నేనేదో అన్నానేమో..."

"లేదు, లేదండి. మీరు చెప్పి మంచి పని చేశారు. నాకు తెలిసిందని మాత్రం మాస్టారికి చెప్పకండి."

"చెప్పను. మరి మీరు మారమని చెప్తారా ఆయనకి?"

"నేను నోటితో చెప్తే వినరండి."

"మీ మాట కూడానా? ఇంకెవరి మాట వింటారు మరి?"

"కాసేపు కూర్చోండి, చెప్తాను. అమ్మా బ్లెస్సీ!"

"వస్తున్నానండీ. ఏంటి రాజుగారూ, కాలు పట్టేసిందా?"

"లేదమ్మా. మాస్టారు లేవకముందే గూడెం సెంటరుకి ఒక ఫోన్ కొట్టాలి. మంచాలు ఖాళీ ఉన్నాయేమో కనుక్కోవాలి."

"మాస్టారికి ఎప్పుడో ఇస్తామన్నారు కదండీ. ఆయనే వెళ్ళనన్నారు. కొత్తగా కనుక్కునేదేముంది?"

"ఇప్పుడు వెళ్తారు లేమ్మా. కాగితాలేమున్నాయో తీసుకురా, నా సంతకాలు నేను పెడతాను. రెండు మంచాలు అడుగు, పక్కపక్కనే ఉండాలని చెప్పు."