రెండు వేళ్ల గడిలో రాసినాయన

అధ్యక్ష స్థానంలో ఉన్న సూపరింటెండెంటు గారికి, వారి పక్కన కూర్చుని ఇప్పటికి మూడుసార్లు గడియారం చూసుకున్న ముఖ్య అతిథి గారికి, వేదిక మీద చోటు దొరికిన పెద్దలకు, దొరకనందుకు ముందు వరసలో మొహం ముడుచుకుని కూర్చున్న పెద్దలకు, నర్సమ్మలకు, ఆయాలకు, మనం కూర్చున్న ఈ కుర్చీలన్నీ ఓపీ హాల్లోవి కాబట్టి ఈ గంటసేపూ అక్కడ నిలబడి మనకు సహకరిస్తున్న రోగులకు, అందరికీ నమస్కారం. (నవ్వులు)

నవ్వకండి. నేనింకా మొదలుపెట్టలేదు.

నన్ను ఎరగనివాళ్ల కోసం చెబుతున్నాను. నేను ఈ ఆసుపత్రి రికార్డు గదిలో గుమాస్తాని. ఇరవై ఆరేళ్లుగా ఇక్కడ పుట్టినవాళ్లనీ పోయినవాళ్లనీ రిజిస్టర్లోకి ఎక్కించడం నా ఉద్యోగం. మిగిలిన టైములో పత్రికలకు వ్యాసాలు రాసి నలుగురితో తగువు తెచ్చుకోవడం నా వ్యసనం. పొద్దున సూపరింటెండెంటు గారు స్వయంగా మెట్లు దిగి నా గదికొచ్చి, "చూడవయ్యా, ఐదు నిమిషాలు మాట్లాడు, మంచి ముక్కలు నాలుగు చెప్పు, ఆ కాగితం సంగతి మాత్రం ఎత్తకు" అన్నారు. ఇరవై ఆరేళ్లలో వారు నా గది గడప తొక్కడం అదే మొదలు. అంత పెద్దమనిషి అంత దూరం వచ్చి గుర్తుచేశాక ఎత్తకపోతే మర్యాదగా ఉండదు. ఎత్తుతాను. కానీ వరసలో వస్తాను.

ముందు, ఈరోజు రిటైరవుతున్న మన డాక్టరుగారికి ఇచ్చిన ఈ జ్ఞాపిక సంగతి. ఇందాక చదివి వినిపించారు: "మౌన సేవామూర్తి, మితభాషి, కలం పట్టిన వైద్యశిఖామణి." డాక్టరుగారు మితభాషా? ఈయన ఎక్కువ మాట్లాడుతున్నారని మూడు మెమోలు ఇచ్చారు. ఫైలు చేసింది నేనే కాబట్టి తేదీలతో సహా చెప్పగలను. ఆ మెమోల కింద ఉన్న సంతకమూ, ఈ జ్ఞాపిక కింద మెరుస్తున్న సంతకమూ ఒక్కటే. ఇక్కడ బంగారు రంగులో వేశారు, అంతే తేడా. (నవ్వులు)

నాకంటే ముందు మాట్లాడిన సాహిత్య విమర్శకులు గారు, డాక్టరుగారి రచనావ్యాసంగం ఫలానా వారపత్రికలో అచ్చయిన మొదటి కథతో ఆరంభమైందని సెలవిచ్చారు. తప్పు. అంతకు చాలా ముందే, మరణ ధ్రువపత్రంలో "కారణం" అనే గడి దగ్గర ఆరంభమైంది. ఆ గడి వెడల్పు రెండు వేళ్లు. మన డాక్టర్లందరూ అందులో ఒకటే మాట రాస్తారు: గుండె, ఊపిరి ఆగిపోవుట. అదీ ఎవరికీ అర్థంకాని రాతలో రాస్తారు, అది వాళ్లకి భగవంతుడిచ్చిన కవచం. ఈయన ఖర్మకొద్దీ ఈయన రాత గుండ్రంగా, బడిపంతులు రాతలా ఉంటుంది. చదవడం రాని మా ఆఫీసరు కూడా చదివేశాడు. వచ్చిన గొడవంతా అదే.

ఈయన చేరిన మొదటి వారంలో ఒక తాపీపనివాడి కాగితం నా బల్ల మీదకొచ్చింది. కారణం గడిలో, "మూడో అంతస్తు నుంచి పడ్డాడు. నడుముకు తాడు లేదు. అడిగితే ఇవ్వలేదు" అని ఉంది. నేను కాగితం పట్టుకుని పరుగెత్తాను.

"సార్, అందరూ రాసినట్టు గుండె ఆగిందని రాసేస్తే పోయేది కదా సార్."

"ఆగకుండా పోయినవాణ్ణి ఒక్కణ్ణి చూపించవయ్యా నాకు. మనిషి పోయాడని వాళ్లావిడకి నేను చెప్పక్కర్లేదు, ఆవిడకి తెలుసు. ఎందుకు పోయాడో చెప్పమనే కదా ఈ గడి కొట్టించారు?"

"అది ఊరికే కొట్టించారు సార్."

"అయితే నేను ఊరికే నింపాననుకో."

ఆ గడి చాలకే ఈయన కథల్లోకి వెళ్లారు. ఐదు పుస్తకాలు. ఇక చూడండి తమాషా! ఆఫీసులో సూపరింటెండెంటు గారు "ఇది కథలు రాసుకునే చోటు కాదు" అన్నారు. బయటికెళ్తే, ఇందాకటి ఈ విమర్శకులు గారే, "ఇవి కథలు కావు, ఆసుపత్రి రిపోర్టులు" అని తేల్చారు. ఈరోజు ఇద్దరూ చెరో పక్కన కూర్చుని ఈయన్ని మహా రచయిత అంటున్నారు. రేపట్నుంచి రాసినా ఎవరికీ తగలదని నమ్మకం కుదిరింది కాబోలు.

మేం అభ్యుదయవాదులం మాత్రం తక్కువ తిన్నామా? మొదటి పుస్తకాన్ని నేనే చీల్చి చెండాడాను: ఈ కథల్లో పోరాటం లేదు, రోగి ఉత్తినే చచ్చిపోతాడు, ఆఖరి పేజీలో ఆశ ఏది అని. మర్నాడు డాక్టరుగారు వరండాలో ఎదురుపడి, "నువ్వు చెప్పినట్టే ఆఖరి పేజీలో రోగిని లేచి నిలబడి పిడికిలి ఎత్తమన్నానయ్యా. ముందు ఆక్సిజన్ సిలిండరు మార్పించమన్నాడు" అన్నారు. (నవ్వులు)

ఇప్పుడు నవ్వు రానిది ఒకటి చెప్పాలి. డాక్టరుగారికి కూడా నా నోటితో ఎప్పుడూ చెప్పలేదు.

పంతొమ్మిదేళ్ల కిందట బట్టలకు రంగులద్దే కార్ఖానాలో ఒక పిల్ల పోయింది. పదిహేడేళ్లు. ఈయన గడిలో, "మూత లేని రంగు తొట్టి ఆవిరి" అని రాశారు. పైనుంచి మాట వచ్చింది. నేను కొత్త కాగితం తీసి, గుండె, ఊపిరి ఆగిపోవుట అని ఎక్కించి, సంతకం పెట్టి, పాతదాన్ని మూటలో కట్టేశాను. అప్పట్లో నేను కార్మిక హక్కుల మీద ధారావాహిక రాస్తున్నాను, గమనించండి. ఆ పిల్ల తండ్రి కాగితం ఎవరిచేతో చదివించుకుని, నా కిటికీ దగ్గరకొచ్చి, "బాబూ, మా పిల్లకి గుండెజబ్బు ఎప్పుడూ లేదే?" అన్నాడు.

"అలాగే వస్తుందండీ, తెలీకుండా" అన్నాను నేను.

ఆయన తల ఊపి, తిన్నగా డాక్టరుగారి దగ్గరకెళ్లి, నేనన్న మాట అన్నట్టుగానే చెప్పాడట. డాక్టరుగారు నన్నొక్క మాట అనలేదు. రెండేళ్లకు ఒక కథ వచ్చింది. అందులో ఒక గుమాస్తా కిటికీలోంచి, "అలాగే వస్తుందండీ, తెలీకుండా" అంటాడు. ఆ కథ మీద సమీక్ష రాసింది ఎవరనుకున్నారు? నేనే. "గుమాస్తా పాత్ర అసహజం. ఒక చిన్న ఉద్యోగి సాటి శ్రామికుడి పట్ల ఇలా ప్రవర్తించడు. రచయితకు వర్గ దృక్పథం కొరవడింది." పత్రిక వచ్చిన రోజు ఈయన నా గదికొచ్చి, అది నా బల్ల మీద పెట్టి, "బాగా రాశావయ్యా, ఒక్క అచ్చుతప్పు కూడా లేదు" అని వెళ్లిపోయారు. అంతకంటే పెద్ద తిట్టు నన్నెవరూ తిట్టలేదు.

డాక్టరుగారు అక్కణ్ణుంచి "ఇక చాలించవయ్యా" అంటున్నారు. సూపరింటెండెంటు గారు చీటీ కూడా పంపారు. "ముగించండి" అని ఉంది. ముగింపు దగ్గరికే వస్తున్నాను సార్, ఆ కాగితమే మిగిలింది.

పదకొండు రోజుల కిందట ఇక్కడ ఒక మనిషి పోయాడు. ముప్పై నాలుగేళ్లు. పలుగురాళ్లని పిండి చేసే మిల్లులో పన్నెండేళ్లు పని. డాక్టరుగారు తన ఉద్యోగంలో ఆఖరి గడి నింపారు: "ఊపిరితిత్తుల నిండా రాతిపొడి. మిల్లులో ముక్కుకు గుడ్డ తప్ప ఏమీ లేదు. ఇంకా నలభై మంది అక్కడే ఉన్నారు." దాన్ని సవరించమన్నారు. ఈయన సవరించనన్నారు. ఆ రంగు తొట్టి పిల్ల సంగతి తర్వాత వచ్చిన నిబంధన ఒకటుంది: రాసిన డాక్టరు కొలువులో ఉన్నంతకాలం ఆయన పొట్టి సంతకం లేనిదే సవరణ చెల్లదు. దిగిపోయాక మాత్రం రికార్డు గుమాస్తా సంతకం చాలు. ఈ సభ ఇంత ఘనంగా, ఇంత సరిగ్గా ఈ వేళకే ఎందుకు జరుగుతోందో ఇప్పుడు అర్థమైందా? సాయంత్రం ఐదింటికి ఈయన దిగిపోతారు. ఐదూ ఐదుకి కాగితం నా బల్ల మీదకొస్తుంది.

అదుగో, తలుపు దగ్గర ఎక్స్‌రే కవరు పట్టుకుని నిలబడింది చూడండి, ఆ పోయిన మనిషి భార్య ఆవిడే. ఆవిణ్ణి "రేపు రామ్మా, సరిచేసిన కాగితం ఇస్తాం" అని పొమ్మన్నారు. ఆవిడ పక్కన దగ్గుతున్న కుర్రవాడు ఆవిడ మరిది. అదే మిల్లులో రేపు పొద్దున డ్యూటీ. ముందు వరసలో పెద్దలెవరైనా లేచి ఆవిడకి కుర్చీ ఇస్తే బావుంటుంది. లేవరా? సరే. డాక్టరుగారు లేచారు. మీరు కాదు సార్, మీరు సన్మానితులు, కూర్చోండి... వినరు.

చెల్లెమ్మా, కూర్చో. నీ దగ్గరున్న కవర్లో ఎక్స్‌రే వెనక ఒక కాగితం ఉంటుంది, పొద్దున కవరు నీ చేతికిచ్చేముందు నేనే పెట్టించాను. అది డాక్టరుగారి రాతకి నకలు, ముద్రతో సహా. ఇంటివాళ్లు అడిగిన రోజే నకలివ్వాలని నిబంధన. నువ్వు అడిగి పది రోజులైంది, ఆలస్యానికి క్షమించు. రెండో నకలు ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు పేరిట పది గంటల టపాలో వెళ్లింది. సూపరింటెండెంటు గారు నా గదిలో నిలబడి ఆ కాగితం సంగతి ఎత్తవద్దంటున్నప్పుడు, ఆ టపా రసీదు మీద సిరా ఇంకా ఆరలేదు.

అసలు కాగితం మీద సవరణకి నేను సంతకం పెట్టను. పంతొమ్మిదేళ్ల కింద పెట్టిన సంతకం చాలు. డాక్టరుగారూ, ఇది మీకు నా వీడ్కోలు కానుక అనుకోండి. జ్ఞాపికలాగా మెరవదు.

ఓపిగ్గా విన్నవాళ్లకీ, విననట్టు నటించినవాళ్లకీ, మైకు కట్టెయ్యమన్నా కట్టెయ్యని ఎలక్ట్రీషియన్ తమ్ముడికీ ధన్యవాదాలు. రేపు పదిన్నరకల్లా నాకో మెమో వస్తుందని తెలుసు సార్. అందులోనూ "కారణం" అని ఒక గడి ఉంటుంది. పరిపాలనా సౌలభ్యం అని రాయకండి, అది అందరికీ రాసేదే. జరిగింది రాయండి. అర్థమయ్యేలా, గుండ్రంగా.

సెలవు.